నా ప్రాసెసర్, దేవదానం గారి ఐసు

కొల్లేరు వెళ్ళొచ్చానని చెబితే మా అనంతపురంలో అందరూ ముందు అడిగేది పక్షుల గురించే. చూశాను. గూడబాతులు నిజంగానే అంత పెద్దవి, నిజంగానే అంత బద్ధకస్తులు. కానీ నేను వెళ్ళింది వాటి కోసం కాదు. నా కంప్యూటర్ ప్రాసెసర్‌కి చలి పుట్టించడానికి వెళ్ళాను. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేసుకుంటే తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు.

నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కి తలకాయా గుండెకాయా రెండూ అదే. తయారుచేసినవాడు దాని మీద ‘ఇది ఇంత వేగంతో పనిచేస్తుంది’ అని రాసి పంపిస్తాడు. నాదాని మీద రెండు వేల నాలుగు వందల మెగాహెర్ట్జ్ అని రాశాడు. బుద్ధిమంతులు సరేనని ఊరుకుంటారు. మాలాంటివాళ్ళం సెట్టింగుల్లోకి దూరి కొంచెం కొంచెంగా వేగం పెంచుతాం. కరెంటు ఇంకాస్త తాగిస్తాం. వేడెక్కి ఆగిపోతే చల్లబరిచి మళ్ళీ పెంచుతాం. దీన్నే ఓవర్‌క్లాకింగ్ అంటారు. ఎందుకు, ఏం లాభం అని మాత్రం అడక్కండి. పందేనికి ఎడ్లను మేపేవాణ్ణి మనం లాభం అడుగుతామా?

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు పుట్టినా ప్రాసెసర్లన్నీ ఒకటి కావు. ఒకటి చురుగ్గా ఉంటుంది, ఇంకోటి మొద్దు. గాజులు చేయించుకోవడానికి దాచుకున్నది పెట్టి నేను కొన్నది మహా చురుకైనది. మామూలు ఫ్యాన్ గాలికే, అదీ అనంతపురం ఎండల్లో, మూడు వేల ఆరు వందలు దాటింది. ఆ రోజు ఇంట్లో సేమ్యా పాయసం చేశాను. మా ఆయన రెండు గిన్నెలు తిన్నాడు గానీ ఎందుకు చేశావని అడగలేదు.

అడిగేవాళ్ళు ఇంటర్నెట్‌లో ఉండేవాళ్ళు. ఈ పిచ్చి ఉన్నవాళ్ళంతా చేరే ఒక ఫోరం ఉంది, అందులో ఆడవాళ్ళం ఇద్దరమే. రెండో మనిషి జెస్సీ. తాడేపల్లిగూడెంలో కంప్యూటర్లు అమ్మి, బాగుచేసే చిన్న షాపు ఆమెది. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు గానీ, మా ఇద్దరికీ తెలియని సంగతులు మా మధ్య లేవు. 2007 డిసెంబరులో ఆమె ఫోన్ చేసింది.

వాళ్ళ నాన్న దేవదానం గారు కొల్లేటి ఒడ్డున ఒక ఐస్ ప్లాంటులో ఆపరేటరు. అక్కడి చేపలు లారీల్లో దూరాభారం వెళ్ళాలంటే ఐసే ప్రాణం. కిందటేడు సరస్సుని కాపాడాలని ప్రభుత్వం అందులోని చేపల చెరువుల గట్లు కొట్టించేసింది. చేపలు తగ్గాయి, ఐసు అడిగేవాళ్ళూ తగ్గారు. ఆ శనివారంతో ప్లాంటు మూసేస్తున్నారు.

“డాడీ ట్యాంకులో ఉప్పునీళ్ళు సున్నాకి బాగా కింద ఉంటాయండీ,” అంది జెస్సీ. “అవి పైపులో తెచ్చి ప్రాసెసర్ మీద తిప్పితే నాలుగు వేలు వస్తుంది. నాది మొద్దుదని మీకు తెలుసుగా. మీదైతే వస్తుందండీ. డాడీ ఐసు అమ్మి నన్ను చదివించారు. ఆ చలితో నేనేం చేయగలనో ఆయన ఒక్కసారి చూడాలక్కా. శనివారం దాటితే ఇక ట్యాంకుండదు.”

నాకు కోపం తొందరగా వస్తుందని మా ల్యాబులో పేరు. జాలి అంతకంటే తొందరగా వస్తుంది, ఆ సంగతి ఎవరికీ తెలియదు. గురువారం రైలెక్కాను.

ఏలూరు

ప్రాసెసర్‌ని స్పాంజి ముక్కల మధ్య పెట్టి, స్టీలు డబ్బాలో మూతేసి, డబ్బాకి గుడ్డ కట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. విజయవాడ దాటాక ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ నన్నూ నా డబ్బానీ చాలాసేపు చూసింది. తర్వాత లేచొచ్చి పక్కన కూర్చుని, నా చెయ్యి పట్టుకుని, “మీ అత్తగారా అమ్మా?” అంది మెల్లగా.

నాకు అర్థం కాలేదు. గోదావరి వైపు వెళ్ళే రైల్లో గుడ్డ కట్టిన డబ్బాని ఒళ్ళోంచి దించకుండా కూర్చున్న ఆడది ఏం తీసుకెళ్తుందని ఆవిడ అనుకుందో అప్పుడు తట్టింది. మా అత్తగారు నిక్షేపంలా ఉన్నారని, ఇది కంప్యూటర్ సామానని చెప్పాను. ఆవిడ నమ్మలేదు. దుఃఖంలో ఏదో మాట్లాడుతోందనుకుని రెండు అరిసెలు పెట్టి, తినకపోతే ఎలాగమ్మా అని బతిమాలింది. తిన్నాను. ఆవిడ ఓదార్పు వృథా పోకూడదని ఏలూరు దాకా కాస్త దిగులుగానే కూర్చున్నాను.

స్టేషన్లో జెస్సీ నన్ను చూడకముందే డబ్బాని చూసి గుర్తుపట్టింది. ఫోరంలో రాసే రాతల్ని బట్టి ఎత్తుగా, దిట్టంగా ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే నా భుజం దాకా లేదు, పీలగా ఉంది. నన్ను పలకరించకముందే “బ్యాచ్ నంబరు చూపించరా అక్కా” అని ప్లాట్‌ఫారం మీదే డబ్బా మూత తీయించింది. ప్రాసెసర్ మీద చెక్కిన అంకెల్ని బారసాలలో బిడ్డ మొహం చూసినట్టు చూసింది. నేను కూడా వంగి చూశాను, అంతకుముందు వందసార్లు చూసినా సరే.

పెసరట్టు ఉప్మా తిన్నాం. మా పక్క పొద్దున బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జి పడితే గానీ కడుపుకి తెల్లారదు. ఇక్కడ అల్లప్పచ్చడి తీపిగా ఉంటే ఎవరో పొరపాటున బెల్లం ఎక్కువేశారనుకున్నాను. రెండో హోటల్లో కూడా అలాగే ఉంటే అప్పుడు ఊరుకున్నాను. ఇక్కడి మాటా అంతే. ఆటో అతను “దిగండమ్మా, జాగర్తండీ” అంటాడు. మా పక్క ప్రేమ ఎక్కువైతే తిడతాం. ఈ అండీలన్నీ విని మొదట వీళ్ళకి నా మీద కోపమొచ్చిందేమో అనుకున్నాను.

కాలవ దగ్గర మాత్రం నా కాళ్ళు కదల్లేదు. ఊరి మధ్యలోంచి అంత నీరు ఎవరూ పట్టించుకోకుండా పోతోంది. మా వీధిలో ట్యాంకరు వస్తే సగం ఊరు బిందెలతో పరిగెడుతుంది. ఏం చూస్తున్నారని జెస్సీ అడిగింది. నీళ్ళు, అన్నాను. ఆమె కూడా నా పక్కన నిలబడి కాసేపు చూసింది, నేనేం చూస్తున్నానో తనకి తెలియకపోయినా.

తాడేపల్లిగూడెం

జెస్సీ షాపు ఉల్లిపాయల మార్కెట్‌కి దగ్గర. లారీల మోత, ఉల్లి ఘాటు, వాటి మధ్యలో ఆ గది. బయట బల్ల మీద అందరికీ అమ్మే మామూలు సరుకు, లోపల తెర వెనక అసలు సరుకు. కంప్యూటర్ బోర్డు అంటే చాలామందికి పచ్చరేకు గుర్తొస్తుందేమో. జెస్సీ కొన్న బోర్డు నల్లగా, నిగనిగలాడుతూ, రాగి గొట్టాలు చుట్టుకుని ఉంది. ఇటుకంత బరువున్న పవర్ సప్లై ఉంది. కంసాలి చేత రాగి దిమ్మ తొలిపించి చేయించుకున్న మూత ఉంది, అందులోంచి నీళ్ళు పోయే దారి ఉంది. “ముట్టుకోవచ్చా?” అని అడిగాను, నగల కొట్లో అడిగినట్టు. “అయ్యో, మీరు కాకపోతే ఎవరు ముట్టుకుంటారండీ” అంది.

చాప మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని సాయంత్రమంతా పనిచేశాం. చలి తగిలితే బోర్డు మీద మంచు నీరు పడుతుంది, పడితే కాలిపోతుంది. అందుకని సందుసందునా గ్రీజు పూశాం, స్పాంజి కోసి కప్పాం. రొయ్యల చెరువుల మోటార్లకి వాడే గ్రీజు అది, ఆ వాసన నా చీరకి ఇంకా వదల్లేదు. మౌస్ కోసం వచ్చిన ఒక మేష్టారు తెర వెనక్కి తొంగి చూసి, చల్లగా జారుకున్నారు. మా ఇద్దరి చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

రాత్రి వాళ్ళింట్లో భోజనం. గుమ్మానికి కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెట్టారు, ఆ వీధిలో చాలా ఇళ్ళకి ఉన్నాయి. వాళ్ళమ్మ కొర్రమేను పులుసు చేసి, గౌరవంగా తలకాయ నాకే వేశారు. మా పక్క చేపంటే ఎప్పుడో ఒకసారి, ముళ్ళు తీయడం నాకు చేతకాదు. ఆవిడ నా అవస్థ చూసి, నా కంచం తన దగ్గరికి లాక్కుని ముళ్ళన్నీ తీసి ఇచ్చారు. పెళ్ళై బిడ్డ ఉన్నదాన్ని, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం వల్ల అని చెప్పాను. కారమేమీ లేదు.

దేవదానం గారు ఇంట్లో లేరు. ఆ వారం ఆయన ఇంటికి రావట్లేదని, ప్లాంటు దగ్గరే పడుకుంటున్నారని ఆవిడ చెప్పారు. సోమవారం నుంచి వట్లూరులో ఏదో కాలేజీకి వాచ్‌మన్‌గా చేరాలట. ఆ మాట చెప్పి, ఇంకాస్త అన్నం పెట్టుకోమన్నారు.

గుండుగొలను దారిలో

శనివారం పొద్దున్నే సామానంతా ఆటోలో ఎక్కించాం. పెద్ద మానిటరు జెస్సీ ఒళ్ళో, బోర్డు నా ఒళ్ళో, యూపీఎస్ కాళ్ళ దగ్గర. గుండుగొలను దగ్గర తేగలు అమ్ముతుంటే ఆపించాను. పది రూపాయలకి ఇచ్చిన కట్ట చూసి అమ్మేవాడే మోసపోయాడేమో అనుకున్నాను. తేగని చీల్చి లోపల చందమామ అనే లేత మొలకని తినడం జెస్సీ నేర్పింది. చేతికి గ్రీజుంటే తేగ కూడా గ్రీజు రుచే వస్తుంది.

హైవే దిగాక దారి సన్నగా సరస్సులోకి నడుస్తుంది. రెండు పక్కలా నీళ్ళు, గుర్రపుడెక్క, మధ్యమధ్య తెగిన గట్ల ముక్కలు. ప్రతి గట్టు ముక్క మీదా ఒక పక్షి. చిన్నప్పుడు సెలవులకి నాన్న సైకిలు మీద ఇదే దారిన వచ్చేదాన్నని, ఎండాకాలం ప్లాంటులో ఐసు డబ్బాల మీది చెక్క మూతల మీద పడుకునేదాన్నని జెస్సీ చెప్పింది. ఫోరంలో తను పెట్టుకున్న పేరు గూడబాతు. ఎందుకని ఇన్నాళ్ళూ నేను అడగలేదు. ఆ దారిలో అడగక్కర్లేకపోయింది.

ఐస్ ప్లాంటు

లోపలికి వెళ్ళగానే మోత. కంప్రెసర్ అనే పెద్ద యంత్రం పగలూ రాత్రీ తిరిగితేనే ట్యాంకులో చలి నిలుస్తుంది. నేల మీద వరసగా చెక్క మూతలు, మూతల కింద ఉప్పునీళ్ళ ట్యాంకు, ఆ నీళ్ళలో నిలబెట్టిన పొడవాటి రేకు డబ్బాలు. డబ్బాల్లో మంచినీళ్ళు పోస్తే చుట్టూ ఉన్న ఉప్పునీళ్ళ చలికి అవి గడ్డకడతాయి. ఉప్పునీళ్ళు మాత్రం గడ్డకట్టవు. మాకు కావలసింది అవే.

దేవదానం గారు బక్కపలచని మనిషి, చెవులకి మఫ్లరు. నన్ను మేడమ్ గారూ అన్నారు, కుర్చీ తెచ్చి భుజం మీది తుండుతో తుడిచారు. ఒక మూత తీసి చూపించారు. డబ్బాలన్నీ నిండుగా ఉన్నాయి. నా నోరు ఊరుకోదు కదా, “ఈ రోజుతో మూసేస్తుంటే ఇన్ని ఎందుకు నింపారండీ?” అనేశాను.

జెస్సీ నా వైపు చూసింది. ఆయన మాత్రం నొచ్చుకోలేదు. “అలవాటండమ్మా,” అన్నారు. “నిన్న సాయంత్రం చేతులు వాటంతటవే నింపుకుంటూ పోయాయి. చివరి డబ్బా దగ్గర గుర్తొచ్చింది, కొనేవాళ్ళు లేరని. నింపినవాటిని పారబొయ్యలేక వదిలేశానండి.”

సామానంతా బిగించాం. కూలర్లో వాడే చిన్న పంపు ట్యాంకులో వేసి, పైపు ప్రాసెసర్ మీది రాగి మూతకి తగిలించి, రెండో పైపు తిరిగి ట్యాంకులోకి వదిలాం. ఒక కొస ఊడి ఆ ఉప్పునీళ్ళు నా కాళ్ళ మీద పడ్డాయి, చలికి ప్రాణం పోయి వచ్చింది. స్విచ్చి వేయబోతుంటే దేవదానం గారు ప్రార్థన చేసుకుందామన్నారు. మా ఇంట్లో అయితే కొబ్బరికాయ కొడతాం, ఒక్క దెబ్బతో అయిపోతుంది. ఆయన ప్రార్థన అలా అయ్యేది కాదు. ప్లాంటులో పనిచేసి వెళ్ళిపోయినవాళ్ళని పేరుపేరునా తలుచుకున్నారు, చెరువులు పోయినవాళ్ళని తలుచుకున్నారు, నేను క్షేమంగా అనంతపురం చేరాలన్నారు. నేను ఒక కన్ను తెరిచి బోర్డు మీద మంచు పడుతోందేమో చూస్తున్నాను. అప్పుడు ఆయన గొంతు తగ్గింది. “తండ్రీ, ఇన్నాళ్ళూ ఈ చలువ చచ్చిన చేపలకే పనికొచ్చింది. ఈ రోజు నా బిడ్డ అడిగింది. దాని చేతిపని సఫలం చెయ్యి.” నేను ఆ కన్ను మూసుకున్నాను. జెస్సీ తల ఎత్తలేదు.

మొదలుపెట్టాం. మూడు వేల ఆరు వందలు, అది మా ఇంటి లెక్క. ఏడు వందలు. ఎనిమిది వందలు. ప్రతి మెట్టుకీ ఒక పెద్ద లెక్క చేయిస్తాం, అది పూర్తయ్యేదాకా కంప్యూటర్ నిలబడితేనే ఆ వేగం వచ్చినట్టు. తొమ్మిది వందలు నిలబడింది. నేను ఫ్యాన్ గాలికి సాధించింది అక్కడెక్కడో కింద చిన్నగా కనపడుతోంది. ఇద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని చిన్నపిల్లల్లా గెంతాం. దేవదానం గారు మమ్మల్ని చూసి నవ్వారు, స్క్రీన్ని చూడలేదు. ఆయనకి అందులో కనపడేదేముంది, అంకెలే కదా.

నాలుగు వేల దగ్గర ఆగిపోయింది. మళ్ళీ పెట్టాం, మళ్ళీ ఆగింది. సెట్టింగులు మార్చి చూశాం. లెక్క సగంలో ఉండగా గోడకున్న స్టెబిలైజరు టక్‌మంటుంది, స్క్రీన్ గడ్డకట్టినట్టు నిలిచిపోతుంది. గ్రీజుని తిట్టాను, పైపుని తిట్టాను, యూపీఎస్ చేసినవాణ్ణి వాడి వంశంతో సహా తిట్టాను. తిడుతూ ఉండగానే సంగతి తెలిసిపోయింది. వోల్టేజి పడిపోతోంది. కంప్రెసర్ మోటారు కరెంటంతా తాగేస్తోంది, మిగిలిన కొసరు మా యూపీఎస్‌కి చాలట్లేదు. జనరేటరు ఉండేదట, యజమాని ముందే అమ్మేశారు. కంప్రెసర్ ఆపితే నాలుగు వేలు వస్తుంది. ట్యాంకులో చలి కొన్ని గంటలు ఎక్కడికీ పోదు.

ఆ మాట నేను అనలేకపోయాను. జెస్సీకీ తెలిసిందని తన మొహం చూస్తేనే తెలుస్తోంది, తనూ అనలేదు. డబ్బాల్లో నీళ్ళు సగం గట్టిపడి ఉన్నాయి. ఆయన్ని ఆఖరి రోజున, సాయంత్రం కాకముందే, ఆపెయ్యమని ఎలా అడుగుతాం? జెస్సీ పైపులు విప్పడానికి లేచింది. “మూడు వేల తొమ్మిది వందలు చాలక్కా. చాలా ఎక్కువే వచ్చింది.” నా చేత అబద్ధం ఆడించడం కష్టం, నేను స్క్రీన్ వైపు తిరిగిపోయాను.

దేవదానం గారు ఎందుకు విప్పుతున్నారని అడిగారు. జెస్సీ వోల్టేజి చాలట్లేదని మాత్రం చెప్పింది. ఆయన స్టెబిలైజరు వైపు చూశారు, తర్వాత కంప్రెసర్ వైపు చూశారు.

“నా మోటారేనా అమ్మా?”

“పర్వాలేదు డాడీ. డబ్బాలు ఇంకా గట్టిపడలేదు కదా.”

“ఎవరికమ్మా ఆ ఐసు?” అన్నారాయన.

మెల్లగా నడిచి వెళ్ళారు. ఒకదాని తర్వాత ఒకటి వాల్వులు బిగించారు, తొందరేమీ పడలేదు. చివర్న స్విచ్చి మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగారు. దించారు. పెద్ద చక్రం తిరిగి తిరిగి నిలబడింది.

అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. పైపులో నీళ్ళు పోయే చప్పుడు వినిపించింది. బయట పక్షుల అరుపులు వినిపించాయి, అవి పొద్దున్నుంచీ అరుస్తూనే ఉండి ఉంటాయి. ఆయన ఆ నిశ్శబ్దంలో ఎటు నడవాలో తెలియనట్టు కంప్రెసర్ పక్కనే నిలబడిపోయారు. జెస్సీ వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి స్క్రీన్ ముందు నా కుర్చీలో కూర్చోబెట్టింది.

నాలుగు వేల ఐదు పెట్టాను. లెక్క మొదలైంది. స్టెబిలైజరు కిమ్మనలేదు. పావు అయింది, సగం అయింది. ముప్పావు అయింది. పూర్తయింది. స్క్రీన్ మీద నాలుగు వేల ఐదు అలాగే నిలబడి ఉంది.

నేను అరిచాను. జెస్సీ అరవలేదు, నేల మీద కూర్చుని నాన్న మోకాళ్ళ మీద తల పెట్టి ఏడ్చింది. ఆయన గ్రీజు అంటిన ఆమె తలని నిమురుతూ, స్క్రీన్ మీది అంకెని వేలితో చూపించి నన్ను అడిగారు.

“ఇందులో మన ఐసు ఎంతుందండమ్మా?”

మూడు వేల ఆరు వందల దాకా నాదీ జెస్సీదీ అని, ఆ పైదంతా ఆయనదేనని చెప్పాను. ఆయన వేళ్ళ మీద లెక్క వేసుకున్నారు. “అయితే బానే ఉందండి,” అన్నారు.

అనంతపురం

బయల్దేరేటప్పుడు దేవదానం గారు సగం గడ్డకట్టిన ఒక డబ్బాని పైకి లాగి, ఐసుదిమ్మని ఊకలో పెట్టి గోనె చుట్టి ఆటోలో ఎక్కించారు. మా ఊరిదాకా రాదని ఆయనకీ తెలుసు. నడిమధ్యలో గడ్డకట్టని నీళ్ళు కదులుతున్న ఆ దిమ్మ ఆటో కుదుపులకి పగిలి కరిగిపోయి, ఏలూరు స్టేషన్ చేరేసరికి ఊకా తడిగోనే మిగిలాయి. గోనె నాతోపాటే తెచ్చుకున్నాను. మా ఆయన ఇదెందుకని అడిగాడు, ఈసారి మొత్తం చెప్పాను, మొత్తం విన్నాడు.

ఫలితాన్ని ఫోరంలో జెస్సీయే పెట్టింది. మావాళ్ళ పద్ధతి ఒకటుంది, అంకె ఒక్కటే పెడితే ఎవరూ నమ్మరు. ఏ ప్రాసెసర్, ఏ బోర్డు, చల్లబరచడానికి ఏ కంపెనీది వాడారు, అన్నీ వరసగా రాయాలి. ప్రాసెసర్ దగ్గర నా పేరు రాసింది. చల్లబరిచింది అన్న దగ్గర, వేరేవాళ్ళు గొప్ప గొప్ప కంపెనీల పేర్లు రాసే చోట, ‘దేవదానం’ అని రాసింది.

ఆ రోజు ఎందరో మెచ్చుకున్నారు. ఎక్కడో చలిదేశం నుంచి ఒకతను మాత్రం ఆ పేరు తనెప్పుడూ వినలేదని, ఆ దేవదానం ఎక్కడ దొరుకుతుందో చెబితే తనూ ఒకటి తెప్పించుకుంటానని రాశాడు.

జెస్సీ అతనికి జవాబిచ్చింది. ఒక్కటే ఉందండీ, మా ఇంట్లో ఉంది, అమ్మం.